ముందు చక్రంలో వణుకు

కొత్త టైర్లు వేయించుకున్న మర్నాడే బండి ఆమెకు ఎదురు తిరిగింది. ఊరి లోపల, సందుల్లో, సిగ్నళ్ళ దగ్గర బుద్ధిగానే నడిచింది. బైపాస్ ఎక్కి వేగం అరవై దాటగానే హ్యాండిల్ వణకడం మొదలుపెట్టింది. ముందు వేళ్ళ చివర్లలో తిమ్మిరిలా తెలిసింది. తర్వాత మణికట్టు దాటి, మోచేయి దాటి, భుజం దాకా పాకింది. వేగం తగ్గిస్తే పోతోంది, పెంచితే వస్తోంది. పోనీ నెమ్మదిగా వెళ్దామా అంటే వెనక డబ్బాలో ఉన్నవి కూరగాయలు కావు, రక్తం.

ఆమె పని అదే. ఊరి చుట్టూ ఉన్న చిన్నాచితకా ఆసుపత్రులకు వెళ్ళి, వాళ్ళు తీసి పెట్టిన రక్తపు ట్యూబుల్ని ఐసు ప్యాకెట్ల మధ్య సర్దుకుని, అవి వేడెక్కకముందే పెద్ద ల్యాబుకు చేర్చాలి. ల్యాబులో అందరూ ఆమెను డబ్బా అక్క అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరైనా మర్యాదగా పిలిస్తే తనను కాదనుకుని పక్కకు చూస్తుంది.

ఆ రోజు ల్యాబు కిటికీ దగ్గర డబ్బా దించి, ట్యూబులు ఒక్కొక్కటిగా తీసి లోపలికి అందిస్తోంది. చేతుల్లో ఇంకా బండి హోరు ఆగలేదు. వేళ్ళు తనవి కానట్టు ఉన్నాయి. చివరికి మిగిలింది అన్నిటికన్నా చిన్న ట్యూబు, పసిపిల్లలకు వాడేది. అది వేళ్ళ సందున జారి, గచ్చు మీద పడి పగిలింది.

లోపల ఇన్‌చార్జి మేడం అరవలేదు. అరిచినా బాగుండేది. ఫోన్ తీసి ఆ ఆసుపత్రికి చేసి, "పాపకి మళ్ళీ తీయాలండీ, ట్యూబు పగిలింది" అంది. ఆ పాపను డబ్బా అక్క పొద్దున చూసే వచ్చింది. నరం దొరక్క నర్సు మూడు చోట్ల గుచ్చితే, గుక్కపట్టి ఏడ్చి ముఖం కమిలిపోయింది. తల్లి ఆ ఏడుపు చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది.

"చేతులు చూపించక్కా," అంది మేడం.

చాపింది. వణుకుతున్నాయి. ఇద్దరూ వాటినే చూశారు.

"బండి వల్ల మేడం. కొత్త టైర్లు వేయించా, హ్యాండిల్ కొట్టుకుంటోంది."

"బండి బయట ఉందక్కా. చేతులు ఇక్కడున్నాయి." మేడం గొంతులో జాలి ఉంది, దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది. "బండైతే బాగుచేయించుకో, ఒంట్లో బాగోకపోతే డాక్టర్‌కి చూపించుకో. ఏ సంగతో తేలేదాకా రూటు ఇంకొకరికి ఇస్తా. పిల్లల రక్తం నేలపాలు చేసుకోలేం కదా."

ఖాళీ డబ్బా బండికి కట్టుకుంటుంటే తాడు ముడి కూడా సరిగా పడలేదు.

*

టైర్లు వేసింది పరాయివాడు కాదు, సొంత అన్నయ్య. టైర్ల కొట్టులో మేస్త్రి. కొట్టు వేరే ఆయనది, పేరు మాత్రం అన్నయ్యది. చేయి తిరిగిన మనిషని ఎక్కడెక్కడినుంచో బళ్ళు తోలుకొస్తారు. ఆమె వెళ్ళేసరికి ఒక చక్రం మీద కూర్చున్నట్టుగా మోకాలు ఆనించి, అంచుకు సబ్బునీళ్ళు పూసి, రెండు లివర్లతో టైరును రిమ్ములోకి దించుతున్నాడు. గాలి పట్టాడు. టైరు ఠప్‌మని అంచుకు సర్దుకుంది. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ లేచాడు. ఎంతసేపు తుడుచుకున్నా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఏంటి పిల్లా, డ్యూటీ టైములో వచ్చావ్?" నలభై దాటినా అన్నయ్యకు ఆమె పిల్లే.

హ్యాండిల్ సంగతి చెప్పింది. ట్యూబు పగిలిన సంగతి చెప్పలేదు.

"బ్యాలెన్సింగ్ చేశావా అన్నయ్యా?"

"బైకుకి అక్కర్లేదు. కార్లకైతే చేయాలి."

ఆమె తన చెవుల్ని తాను నమ్మలేదు. ఇదే కొట్టులో ఒకప్పుడు, తొందరగా పోవాలి బ్యాలెన్సింగ్ వద్దన్న కుర్రాడి మీద ఒంటికాలిమీద లేచిన మనిషి ఈయన. 'అయితే టైరు విప్పేస్తా, ఇంకో కొట్టు చూసుకో' అన్న మనిషి. మూలనున్న ఇనుప స్టాండు మీద చక్రం ఎక్కించి, అది ఏ వైపు వాలుతుందో చూస్తూ, బరువు అన్నివైపులా సమమయ్యేదాకా చిన్న చిన్న సీసం బిళ్ళలు అంటిస్తూ తీస్తూ, తెప్పించుకున్న టీ చల్లారిపోయినా లేచేవాడు కాదు. ఆ స్టాండుకు ఇప్పుడు చిల్లులు పడ్డ పాత ట్యూబులు వేలాడుతున్నాయి.

"మీ అన్నయ్యకి ఇన్నాళ్ళకి జ్ఞానోదయమైందమ్మా," అని నవ్వాడు కొట్టు ఓనరు, ఫోన్లోంచి తలెత్తకుండానే. "ఒక్కో చక్రానికి గంట కూర్చునేవాడు. ఇప్పుడు చకచకా పంపించేస్తున్నాడు."

"మరి నా బండి ఎందుకు వణుకుతోంది?"

అన్నయ్య గుడ్డను గుప్పిట్లో నలిపాడు. ఆమె చేతుల వైపు చూశాడు. చూసి, చూపు మళ్ళించుకుని, మళ్ళీ చూశాడు. ఆమె గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది.

"బండి కాదేమో పిల్లా," అన్నాడు మెల్లగా. "నాన్నకీ ఇలాగే కదా మొదలైంది."



*

నాన్న గురించి వాళ్ళింట్లో ఎవరూ మాట్లాడుకోరు. మాట్లాడుకోనంత మాత్రాన మరిచిపోయినట్టు కాదు. చొక్కా గుండీ ఒకటి పెట్టుకోవడానికి అద్దం ముందు పొద్దంతా నిలబడి, చివరికి గుండీ లేకుండానే బయటకు వచ్చిన నాన్న ఆమెకు రోజూ గుర్తొస్తాడు. అమ్మ ఏమీ ఎరగనట్టు ఎదురొచ్చి, ఏదో సర్దుతున్నట్టు నటిస్తూ ఆ గుండీ పెట్టేది.

సాయంత్రం ఇంటికి రాగానే మొగుణ్ణి బండి తోలి చూడమంది. ఆయన ఒక స్కూలు దగ్గర వాచ్‌మన్. బండి ఎక్కితే పక్కన సైకిళ్ళకు కూడా దారి ఇచ్చే రకం. వీధి చివరి దాకా వెళ్ళి, మూడో గేరు మొహం చూడకుండానే తిరిగొచ్చాడు.

"వెన్నలా పోతోంది," అన్నాడు.

"బైపాస్ మీద చూడవయ్యా!"

"బైపాస్ మీద నేనా? నన్ను చంపుదామనా?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి నవ్వు మింగేశాడు. "ఏమైందే?"

ఏం లేదంది. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, గ్లాసు నిండా, అంచు దాకా నీళ్ళు పోసి చేయి చాపి పట్టుకుంది. నీళ్ళు తొణికాయి. ఊపిరి బిగబట్టి మళ్ళీ పట్టుకుంది. ఇంకా ఎక్కువ తొణికాయి. కాగితం ముక్క ఒకటి చించి వేళ్ళ మీద పరుచుకుంది. అదీ కదిలింది. ఫ్యాను తిరుగుతోందని గుర్తొచ్చి ఆపేసింది. అయినా కదిలింది. అలా చూస్తూ నిలబడితే ఎవరి చేయైనా కదులుతుందని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. సూదిలో దారం ఎక్కించబోయింది, ఎక్కలేదు. కళ్ళజోడు పెట్టుకోలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

రూటు పోయిందని మొగుడికి చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు పొద్దున రోజూలాగే డబ్బా కట్టుకుని, రోజూలాగే బయల్దేరింది. ఎక్కడికీ వెళ్ళేది లేదు కనుక బైపాస్ ఎక్కింది. అరవై. వణుకు. తగ్గించింది. పోయింది. మళ్ళీ అరవై. హ్యాండిల్‌ని గట్టిగా బిగించి చూసింది. వదులుగా పట్టి చూసింది. దేవుడా, బండే పాడై ఉండాలి, ఇంజను విరిగినా పరవాలేదు, ఈ వణుకు బండిదే అయ్యుండాలి అని దారి పొడుగునా వేడుకుంది. సొంత బండి పాడవ్వాలని అంతలా కోరుకున్న మనిషి ఇంకొకరు ఉండరు. కానీ పట్టుకున్న చెయ్యీ, పట్టుకున్న హ్యాండిలూ కలిసి వణుకుతుంటే మొదలెక్కడో ఎలా తెలుస్తుంది? వదిలేసి చూస్తే తెలుస్తుంది. ఒక్క క్షణం వదిలేద్దామనే అనుకుంది. వెనకనుంచి లారీ హారన్ మోగేసరికి పక్కకు తీసి ఆపి, బండి మీదే తల ఆనించి ఏడ్చింది.

అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి వెళ్ళింది. నరాల డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఎదురు బెంచీ మీద ఒక ముసలాయన. ఆయన కుడిచేయి మోకాలి మీద దానంతటది ఆడుతోంది, బొటనవేలు చూపుడువేలును రాస్తున్నట్టుగా. ఆయన భార్య ఎవరితోనో కబుర్లు చెబుతూనే, అటు చూడకుండానే తన చేయి ఆ చేతి మీద వేసింది. ఆ చేయి కింద కూడా అది ఆడుతూనే ఉంది.

లోపలినుంచి తన వంతు పిలిచారు. ఆమె లేచి, లోపలికి కాదు, బయటకు నడిచింది. ఆ గదిలోకి వెళ్తే ఏదో ఒకటి తేలిపోతుంది. తేలకపోతే ఇంకా కొంచెం బతికి ఉండొచ్చు అనిపించింది.

*

వదిన దగ్గర మనసు విప్పుకుందామని సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళింది. అన్నయ్య అప్పుడే కొట్టునుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు ఒళ్ళో వేసుకుని, చేతులు దాని కింద పెట్టుకున్నాడు. ఆమె వచ్చినందుకు సంతోషించలేదు, వెళ్ళమనీ అనలేదు.

వదిన రెండు స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. అన్నయ్యకు ఒకటి, ఆమెకు ఒకటి. రెండింటిలోనూ టీ సగమే ఉంది.

ఆ సగం గ్లాసును చూసి ఆమెకు తల కొట్టేసినట్టయింది. అమ్మ నాన్నకు ఇలాగే ఇచ్చేది. అంటే అన్నయ్య అప్పుడే పెళ్ళాం చెవిన వేశాడన్నమాట. అప్పుడే తనను రోగిష్టిదాన్ని చేసి, తొణక్కుండా సగం పోసి ఇస్తున్నారన్నమాట. పాపం తనకు బాధగా ఉంటుందని అన్నయ్యకూ సగమే పోశారన్నమాట.

"నిండా పోస్తే ఒలకబోసుకుంటాననుకున్నావా వదినా?"

వదిన ముఖం పాలిపోయింది. "అదేంటమ్మాయ్, అలా అంటావ్? అది... అలవాటు కొద్దీ..." అని అన్నయ్యవైపు చూసి నీళ్ళు నమిలింది.

"అప్పుడే అలవాటైపోయిందా?"

టీ ముట్టుకోకుండా లేచింది. గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి అన్నయ్య "పిల్లా" అన్నాడు. ఆగింది. తిరిగి చూస్తే ఆయన ఒళ్ళో తువ్వాలు సర్దుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున ఇంటి ముందు బండి కడుగుతూ ముందు చక్రం దగ్గర చతికిలబడింది. కడగాల్సినంత మురికేం లేదు, చేతులకు ఏదో ఒక పని కావాలి. గుడ్డతో రిమ్ము తుడుస్తుంటే ఒకచోట దుమ్ము పట్టని జిగురు మచ్చ వేలికి తగిలింది, గోరంత పలక ఆకారంలో. దాని పక్కన ఇంకొకటి. పాత సీసం బిళ్ళలు ఉన్న చోట్లు. టైరు మార్చేటప్పుడు పీకేశాడు. కొత్తవి వేయలేదు. రిమ్ము చుట్టూ తడిమి చూసింది. ఎక్కడా లేవు.

మూడు రోజుల భయమంతా ఒక్కసారిగా కోపమై తలకెక్కింది. బద్ధకించి పని ఎగ్గొట్టి, పైగా తప్పు నా చేతుల మీదకు నెడతాడా? చచ్చిపోయిన నాన్నను మధ్యలోకి లాగుతాడా? తడి చేతులతోనే బండి ఎక్కింది.

*

కొట్టులో ఓనరు కుర్చీలో ఉన్నాడు. టైరు మార్పించుకోవడానికి వచ్చిన ఒకాయన బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అన్నయ్య ఆయన బండి దగ్గర ఉన్నాడు.

ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. బండికి పెద్ద స్టాండు వేసి, ఇంజను కింద చెక్కదిమ్మ తోసి, స్పానర్లు తీసుకుని ముందు చక్రం విప్పడం మొదలుపెట్టింది. మేస్త్రి చెల్లెలు, ఆ మాత్రం తెలుసు.

"ఇదేంటమ్మా, మా కొట్టులో మీరు..." అన్నాడు ఓనరు.

"నా బండి, నా చక్రం. మీ ఇనుప స్టాండొక్కటి ఇవ్వండి చాలు." స్టాండుకు వేలాడుతున్న పాత ట్యూబులన్నీ తీసి మూలకు గిరాటేసింది.

"పిల్లా, వద్దు," అన్నాడు అన్నయ్య.

ఇరుసు దూర్చి చక్రాన్ని స్టాండు మీదికి ఎక్కించింది. చేతులు తీసేసింది. ఎవరూ ముట్టుకోలేదు. చక్రం దానంతటదే బయల్దేరి, సగం దాకా తిరిగి, వెనక్కి వచ్చి, ఇటూ అటూ ఊగి ఆగింది. కిందికి వచ్చిన చోట ముగ్గుసుద్దతో గీత గీసి, ఆ గీతను పైకి తిప్పి వదిలింది. గీత మళ్ళీ కిందికే వచ్చి కూర్చుంది. ఇంకోసారి. మళ్ళీ కిందికే.

ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. "చూశారా! చక్రమే! నా చేతులు కాదు!" అని దాదాపు కేక పెట్టింది. బెంచీ మీది ఆయన తలెత్తి చూసి మళ్ళీ ఫోన్లో పడ్డాడు. "బైకుకి అక్కర్లేదా అన్నయ్యా? ఇప్పుడు చెప్పు, అక్కర్లేదా? రా, నువ్వే అంటించు." గోడకున్న డబ్బాలోంచి సీసం బిళ్ళల పట్టీ తీసి ఆయన ముందు చాపింది.

అన్నయ్య కదల్లేదు.

"అంటించెయ్ మేస్త్రీ, ఆవిడ గోల వదిలిపోతుంది," అని ఓనరు కూడా ఫోన్ తీసుకున్నాడు.

అన్నయ్య గుడ్డ భుజం మీద వేసుకుని వచ్చాడు. ఒక బిళ్ళ తుంచాడు. దాని వెనక కాగితం ఊడదీయబోయాడు. గోరు కాగితం అంచును దాటిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ దాటిపోయింది. చివరికి పళ్ళతో పీకాడు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, బిళ్ళను రిమ్ము పైభాగానికి తెచ్చాడు. వేలు తగలగానే నిలబడి ఉన్న చక్రం కదిలింది. వేలు తీశాడు. చక్రం ఆగేదాకా ఆగాడు. మళ్ళీ పెట్టాడు. చక్రం మళ్ళీ సన్నగా ఇటూ అటూ ఊగడం మొదలుపెట్టింది. ఈసారి దాని బరువు వల్ల కాదు. ఆ వేలు వల్ల.

బిళ్ళ జారి కింద పడింది.

ఓనరు చూడలేదు. బెంచీ మీది ఆయన చూడలేదు. ఆమె చూసింది.

మొన్న తుడుచుకున్నా తుడుచుకున్నా తరగని ఆ మసి, ఒళ్ళో ఆ తువ్వాలు, కంగారుపడ్డ వదిన, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. నాది కాకూడదు, నాది కాకూడదని మూడు రోజులు వేడుకుంది. తనది కాకపోతే ఇంకెవరిదో అవుతుందని ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ కోరిక కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గబుక్కున వంగి బిళ్ళను గుప్పిట్లో దాచేసింది.

"సరేలే అన్నయ్యా, వదిలెయ్," అంది. గొంతు మామూలుగా ఉంచాలని చూసింది. "నా చేతులే అయ్యుంటాయి. డాక్టర్‌కి చూపించుకుంటా."

ఓనరు నవ్వాడు. "ఇందాకేగా చక్రమన్నారు?"

"పొరపాటు పడ్డానండీ."

చక్రం దించడానికి ఇరుసు మీద చేయి వేసింది. అన్నయ్య ఆ చేతిని ఆపాడు. ఆయన వేళ్ళు ఆమె మణికట్టు మీద వణుకుతున్నాయి. ఆమె మణికట్టు మాత్రం కదలకుండా ఉంది. ఆయన ఆ రెంటినీ కాసేపు చూశాడు.

"దాని చేతులకేం రోగం లేదండీ," అన్నాడు ఓనరు వైపు తిరిగి. "బైకుకి బ్యాలెన్సింగ్ కావాలి. ఎప్పుడూ కావాలి. అక్కర్లేదని నేనే అందరికీ చెప్పుకుంటూ వచ్చా."

"అదేంటి మేస్త్రీ?"

"అక్కర్లేక కాదు. చేతకాక." కుడిచేయి గాల్లోకి చాపి, దాచుకోకుండా అలాగే ఉంచాడు.

ఓనరు ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఆ చేతిని చూశాడు. కొట్టు బయట వరసగా నిలబెట్టిన బళ్ళను చూశాడు. నవ్వు ఎటుపోయిందో తెలియలేదు. "ఎన్ని బళ్ళు పంపావు ఇలా?" అన్నాడు. బెంచీ వైపు చూసి, "సరే, రేపు మాట్లాడదాం," అన్నాడు. రేపు ఏం మాట్లాడతాడో ముగ్గురికీ తెలుసు. బెంచీ మీది ఆయన లేచి, తన బండికి ఇంకా టైరు విప్పలేదని చూసుకుని, హెల్మెట్ తీసుకున్నాడు.

అన్నయ్య ముక్కాలిపీట లాక్కుని చక్రం పక్కన కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పిల్లా, గీత కిందికి రానియ్. వచ్చిందా? దానికి సరిగ్గా ఎదురుగా, పైన అంటించు. ముందు ఒకటే. గట్టిగా నొక్కకు, చక్రం తెలుసుకోకూడదు నువ్వు ముట్టుకున్నట్టు."

గుప్పిట్లోని బిళ్ళ చెమటకు తడిసి అంటుకోదేమో అనుకుంది. పట్టీలోంచి కొత్తది తుంచి, కాగితం ఒలిచి అంటించింది. చక్రం కదల్లేదు. ఆయన చెప్పినట్టు పావు వంతు తిప్పి వదిలింది. కొంచెం వాలింది. ఇంకొకటి పెట్టమన్నాడు, పెట్టింది. ఇంకో పక్కకు జరపమన్నాడు, జరిపింది. అన్నయ్య కళ్ళు చక్రం మీద లేవు, ఆమె వేళ్ళ మీద ఉన్నాయి.

చివరికి ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది చక్రం. ఆమె చేతులు రవ్వంత కూడా వణకడం లేదు. వాటిని అన్నయ్య ముందు ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలియలేదు.